బొమ్మ మనల్ని ఎక్కడ కూర్చోబెడుతుంది?

1931 అక్టోబరు 31న మద్రాసులో ‘కాళిదాస్’ అనే టాకీ విడుదలయింది. తీసింది మన హెచ్.ఎం.రెడ్డి. దాన్ని తొలి తమిళ టాకీ అంటారు. కానీ అందులో నాయిక టి.పి.రాజలక్ష్మి తమిళంలో మాట్లాడుతుంది, నాయకుడు పి.జి.వెంకటేశన్ తెలుగులో మాట్లాడతాడు. సినిమా చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతిని వింతగా చెబుతారు. హోసూరులో చెప్పి చూడండి, ఎవరూ ముక్కున వేలేసుకోరు. బాగలూరు బస్సులోనో బేరికె దారిలోనో ఒకరు తమిళంలో అడిగితే ఇంకొకరు తెలుగులో జవాబు చెప్పడం, నడుమ కన్నడం మాట ఒకటి దొర్లడం అక్కడ రోజూ ఉండేదే.

1956లో భాషల లెక్కన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అప్పుడు సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. జిల్లా ఏదైనా ఆ ఊరి మనిషి మూడు సినిమాల నడుమ పెరుగుతాడు. ఎమ్జీఆర్‌ని చూస్తాడు, ఎన్టీఆర్‌ని చూస్తాడు, రాజ్‌కుమార్‌ని కూడా చూస్తాడు. తెర మీది బొమ్మ మన మీద ఎట్లా పనిచేస్తుంది అన్న ప్రశ్నను పట్టుకుని కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

అసలు ఈ చదువు ఎందుకు?

సినిమా గురించి ఇళ్లలో వినబడే మాటలు రెండే. “సినిమాలు చూసి పిల్లకాయలు చెడిపోతా ఉండారు” అంటారు పెద్దలు. “సినిమానే కదా, రెండున్నర గంటలు చూస్తాం, మరిచిపోతాం” అంటారు పిల్లలు. మొదటి మాట ప్రకారం చూసేవాడికి బుర్ర లేదు. రెండో మాట ప్రకారం బొమ్మకి బలం లేదు. రెండింటిలోనూ ఒక సుఖం ఉంది: సినిమాను దగ్గరగా చూడాల్సిన శ్రమ తప్పుతుంది. సినిమా సిద్ధాంతం అనే చదువు ఆ శ్రమతోనే మొదలవుతుంది. కెమెరా ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఈ షాటుకి ముందేముంది, తర్వాతేముంది, ఎవరు ఎవరిని చూస్తున్నారు. ఈ చిల్లర ప్రశ్నలన్నీ కలిసి ఒక పెద్ద ప్రశ్న అవుతాయి: ఈ బొమ్మ నన్ను ఎవరి పక్కన కూర్చోబెట్టింది? కొట్టేవాడి పక్కనా, దెబ్బలు తినేవాడి పక్కనా, దూరంగా నిలబడి చోద్యం చూసేవాళ్ల నడుమనా?

బొమ్మ చేసే పనిలో మన వాటా ఎంత?

మనం అనుకునేదానికంటే ఎక్కువ. రీలు ఆడించే ప్రొజెక్టరులో సెకనుకి 24 నిలకడ ఫోటోలు వెళ్తాయి. ఒక ఫోటో జరిగి ఇంకోటి వచ్చేలోపు షట్టరు వెలుతురును మూసేస్తుంది. అట్లా మూసిన వేళలన్నీ కలిపితే, రీళ్ల కాలంలో మనం హాల్లో కూర్చున్న సమయంలో దాదాపు సగం తెర చీకటిగానే ఉండేది. ఆ చీకటి మనకు కనబడలేదు, ఫోటోలు విడివిడిగానూ కనబడలేదు. కదలిక మన తలకాయలో తయారయింది. హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1916లోనే దీని మీద పుస్తకం రాశాడు. సినిమా మీద మొదటి గట్టి సిద్ధాంత గ్రంథాల్లో అదొకటి.

కదలిక ఒక్కటే కాదు, భావాన్ని కూడా మనమే పూరిస్తామని 1920 ప్రాంతంలో మాస్కోలో లెవ్ కులెషోవ్ అన్నాడు. మొజ్జుఖిన్ అనే నటుడి ముఖం ఒకటి తీసుకున్నాడు, అందులో ఏ భావమూ లేదు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె అతికించాడు, ఒకసారి శవపేటిక, ఒకసారి ఆడుకునే పాప. చూసినవాళ్లు అతని ఆకలిని, దుఃఖాన్ని, సంతోషాన్ని మెచ్చుకున్నారట. ముఖం మాత్రం మూడుసార్లూ అదే. ఈ కథ కులెషోవ్ శిష్యుడు పుదోవ్‌కిన్ చెప్పగా మనకు తెలిసింది, ఆ రీలు ఇప్పుడు లేదు. 1992లో ఇద్దరు అమెరికా పరిశోధకులు దాన్ని మళ్లీ చేసి చూస్తే అంత గొప్ప ఫలితం రాలేదు కూడా. అందుకని కులెషోవ్ మాటను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్న ఎవరినైనా అడగండి, ఒక ముఖం పక్కన ఏం పెడితే ఆ ముఖం అట్లా మారుతుందని వాళ్ల చేతివేళ్లకు తెలుసు.

హీరో వచ్చేటప్పుడు ఈలలు ఎందుకు పడతాయి?

ముందు బూటు. తర్వాత చెయ్యి. తర్వాత వీపు. మధ్యమధ్య అటువైపు చూస్తున్న జనం ముఖాలు. అప్పుడు, కింది నుంచి పైకి చూసే కెమెరాలో, ముఖం. ఈ వరసను ఈ తరం దర్శకులు కనిపెట్టలేదు. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి ముందు జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. మనిషి కనబడకముందే జడ కనబడుతుంది, ప్రవేశ దరువు నడుస్తుంది, చూసేవాళ్లు ఎదురుచూస్తారు. కృష్ణగిరి, ధర్మపురి, చిత్తూరు పల్లెల్లో రాత్రంతా ఆడే భారతం నాటకాల్లోనూ ఇద్దరు గుడ్డ తెర పట్టుకుంటే దాని వెనక నుంచే వేషం వస్తుంది. ఆలస్యం చేయడమే అక్కడి కళ. సినిమా ఆ తెర గుడ్డను తీసేసి దాని పని కత్తిరింపుకి అప్పగించింది.

ఆ వరసలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది జనం ముఖాల షాటు. తెర మీది జనం నోరెళ్లబెట్టి చూస్తుంటారు. హాల్లో ఉన్న జనానికి అది పాఠం: ఇట్లా చూడాలి అని. నేల టికెట్టువాడు ఈల వేసినప్పుడు తెరమీది గుంపులో తనూ ఒకడైపోతాడు. రజనీకాంత్ సినిమాల్లో ఈ పని ఎంత తేటగా జరుగుతుందో చూడండి. ఆయన పెద్దల ఊరని చెప్పుకునే నాచికుప్పం కృష్ణగిరి జిల్లాలోనే ఉంది, కాబట్టి ఈ చుట్టుపక్కల ఆయన మీద కొంచెం ఇంటివాడి హక్కు కూడా ఉంటుంది. 1992 నాటి ‘అణ్ణామలై’లో ఆయన పేరుకి ముందు బిరుదు ఒక్కో అక్షరంగా తెర మీద పడింది. అక్కడ అక్షరాలు కూడా ప్రవేశ దరువే. 1995లో వచ్చిన ‘బాషా’లో ఆటో నడిపే మాణిక్యాన్ని స్తంభానికి కట్టి కొడతారు. అతను తిరిగి కొట్టడు. కొట్టగలడని మనకు అనుమానం, తెర మీదివాళ్లకు లేదు. మనకు ఒక రహస్యం అప్పగించి, దాన్ని మోస్తూ ఉండమని చాలాసేపు కూర్చోబెట్టారు. చివరికి అతను చెయ్యెత్తినప్పుడు హాలు లేచి నిలబడిందంటే అది దెబ్బ బలం కాదు, అంతసేపు మోసిన బరువు దిగడం.

ఒకే కథ, మూడు శరీరాలు

1964లో డి.రామానాయుడు సురేష్ ప్రొడక్షన్స్ పెట్టి తీసిన మొదటి సినిమా ‘రాముడు భీముడు’. దర్శకుడు తాపీ చాణక్య, కథ డి.వి.నరసరాజుది. బావకు వణికి బతికే పిరికివాడొకడు, ఎవరికీ లొంగని కవల ఒకడు, ఇద్దరూ ఎన్టీఆరే. మరుసటి ఏడు పొంగలికి అదే కథను ‘ఎంగ వీట్టు పిళ్లై’గా తమిళంలో తీసిందీ చాణక్యే. అందులో ఎమ్జీఆర్. 1967లో హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’, దిలీప్ కుమార్‌తో. దర్శకుడు మళ్లీ చాణక్యే. కథ మారలేదు, దర్శకుడు మారలేదు, మారింది మనిషి. ప్రయోగశాలలో కావాలని చేసినా ఇంత శుభ్రంగా కుదరదు.

ఆ రోజుల్లో ఒకే మనిషిని ఇద్దరుగా చూపడం ఎట్లా? కెమెరాను కదలకుండా బిగిస్తారు. లెన్సు ముందు సగాన్ని మూసి, నటుడు ఒక పక్క నిలబడితే తీస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి రెండో సగం మూసి, అతను బట్టలు మార్చుకొచ్చి అటు పక్క నిలబడితే అదే ఫిల్ము మీద మళ్లీ తీస్తారు. భుజం మాత్రమే కనబడే షాట్లకి డూపు చాలు. సాంకేతికంగా ఇంతే. కానీ అంటింపు కనబడకుండా ఉండేది చూపు వల్ల. నటుడు గాలిలోకి చూస్తూ సరిగ్గా తన ఎత్తులో తన కళ్లున్న చోట చూపు నిలపాలి. ఆ చూపు రెండు అంగుళాలు తప్పితే భ్రమ చెదురుతుంది. ఇద్దరి చూపులూ కలిసే చోటును కుట్టేది మనమే. ఆ కుట్టు మన చేతిదే కనుక ఆ లోకాన్ని మనం సులువుగా అనుమానించం.

ఇక తేడా. కొరడా పట్టిన బావను ఎదిరించే ఘట్టం తమిళంలో నంబియార్‌కీ ఎమ్జీఆర్‌కీ నడుస్తుంది. కొరడా చేయి మారాక వాలి రాసిన పాట మొదలవుతుంది, నేనే ఆజ్ఞ ఇవ్వగలిగితే అన్న ధోరణిలో. ఎమ్జీఆర్ అప్పటికే డీఎంకే మనిషి. 1967లో డీఎంకే గద్దెనెక్కింది. ఇంట్లో బావను కొట్టే కొరడా, హాలు దాటి వచ్చేసరికి వేరే ఎవరినో కొట్టే కొరడా అయింది. ఆ బొమ్మ ఆయన వెంట ఎన్నికల సభలదాకా నడిచింది. తెలుగులో అదే కథలో ఎన్టీఆర్ చేసిన అల్లరికి జనం నవ్వుకున్నారు, మెచ్చుకున్నారు. కానీ తెలుగువాడి మనసులో రామారావు బొమ్మగా ముద్రపడింది అది కాదు, కిరీటం పెట్టుకున్న కృష్ణుడు. హోసూరు మనిషి రెండూ చూశాడు. ఒక హాల్లో కథ ఎన్నికలవైపు లాగింది, ఇంకో హాల్లో కథ కథగానే ముగిసింది.

జనం నిజమని నమ్మేస్తారా?

1960లో పి.పుల్లయ్య తీసిన ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ తర్వాత తిరుపతి వెళ్లిన యాత్రికులు మద్రాసు వచ్చి రామారావు ఇంటి ముందు నిలబడేవారని చెప్పుకుంటారు. చదువుకున్నవాళ్లు ఈ మాట చెప్పి నవ్వుతారు, పాపం అమాయకులు అని. ఆ నవ్వు నాకు నచ్చదు. ఇట్లాంటి కథే ఫ్రాన్సులోనూ ఉంది: 1896లో లూమియేర్ సోదరుల రైలు తెర మీద దూసుకొస్తే జనం పారిపోయారట. టామ్ గన్నింగ్ అనే చరిత్రకారుడు 1989లో దాన్ని తరచి చూశాడు. వాళ్లు బొమ్మను రైలనుకోలేదు, బొమ్మ అంత బాగా చేయగలిగిందే అని నివ్వెరపోయారు, ఆ నివ్వెరపాటు కోసమే డబ్బిచ్చి వచ్చారు అన్నాడు. రామారావు ఇంటి ముందు ఆగినవాళ్లకీ ఆయన ఎన్టీ రామారావేనని తెలుసు. తెలిసే వచ్చారు.

మరి ఎందుకొచ్చినట్టు? దీనికి మన దగ్గర ఒక ఏర్పాటు ఉంది: దర్శనం. గుడికి వెళ్లినవాడు దేవుణ్ణి చూడడానికే వెళ్లడు, దేవుడి చూపు తన మీద పడాలని కూడా వెళ్తాడు. హాలీవుడ్ వాడుకలో నటుడు కెమెరాలోకి చూడకూడదు, చూస్తే కథలోంచి బయటికొచ్చినట్టు. మన పౌరాణికాల్లో కృష్ణుడు, వెంకటేశ్వరుడు తిన్నగా మనవైపే చూస్తారు. రవివర్మ అచ్చుబొమ్మల్లో దేవతలు ఎట్లా ఎదురుగా నిలబడ్డారో అట్లాగే. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన ఫాల్కే అంతకుముందు రవివర్మ ప్రెస్సులో పనిచేసినవాడే. కాలెండరు బొమ్మకీ, సినిమా బొమ్మకీ నడుమ చుట్టరికం అట్లా మొదలైంది. ఈ చూపుల లెక్క తేల్చే కథ ఒకటి మూడు భాషల్లోనూ ఉంది, కన్నప్పది. దేవుడి కంట నెత్తురు కారితే తన కన్ను పెరికి పెట్టినవాడు. 1954లో ‘బేడర కన్నప్ప’తోనే రాజ్‌కుమార్ కథానాయకుడయ్యాడు. ఆ ఏడే తెలుగులో ‘కాళహస్తి మహాత్మ్యం’గా వచ్చినదాంట్లోనూ ఆయనే. కన్నడం బయట ఆయన చేసిన సినిమా అదొక్కటే.

అయితే బొమ్మే గద్దెనెక్కిస్తుందా?

ఎమ్జీఆర్ 1977లో ముఖ్యమంత్రి అయ్యాడు. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. ఈ రెండు చూసి సినిమా ఉంటే చాలనుకున్నవాళ్లు చాలామంది. కానీ శివాజీ గణేశన్ కంటే గొప్ప నటుడెవరు? 1989లో సొంత పార్టీతో తిరువయ్యారులో నిలబడి ఓడిపోయాడు. రాజ్‌కుమార్ 1982లో కన్నడం కోసం సాగిన గోకాక్ ఉద్యమానికి ముందు నడిచాడు, జనం పోటెత్తారు, ఆయన మాత్రం ఎన్నికల జోలికి పోలేదు. చిరంజీవి పార్టీకి 2009లో 18 స్థానాలే వచ్చాయి. బొమ్మకు అంత మంత్రశక్తే ఉంటే ఈ లెక్కలు ఇట్లా ఉండవు.

ఎం.ఎస్.ఎస్.పాండియన్ 1992లో ఎమ్జీఆర్ మీద రాసిన పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. రిక్షావాడు, పడవవాడు, రైతు, ఇట్లా ఎమ్జీఆర్ వేసిన వేషాలు పల్లె వీరగాథల్లో అప్పటికే ఉన్న వీరుల అచ్చులో ఒదిగాయి, అందుకే అతుక్కున్నాయి అంటాడు. ఆయన పాలనలో పన్నుల బరువు పేదల మీదే ఎక్కువ పడినా ఆ బొమ్మ చెదరలేదని కూడా అంటాడు. తెలుగులో ఎస్.వి.శ్రీనివాస్ చిరంజీవి అభిమానుల మీద చేసిన పని ఇంకో పక్క చూపిస్తుంది: అభిమాని తలవంచిన భక్తుడు కాడు, తన హీరో ఎట్లా ఉండాలో అడిగే హక్కుదారు. సినిమా నచ్చకపోతే మొదట కోప్పడేదీ అతనే.

ఇదంతా కె.వి.రెడ్డి 1957లోనే ‘మాయాబజార్’లో ఒక పెట్టెలో పెట్టి చూపించేశారని నా నమ్మకం. ప్రియదర్శిని అనే ఆ పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకు కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. దాన్ని చూసి ఇప్పటివాళ్లు లాప్‌టాప్ అని ముచ్చటపడతారు. నాకది సినిమా హాలు. పెట్టె ఒకటే, చూసేవాళ్ల లోపలిది కలిస్తేనే బొమ్మ. ఫ్రెంచి సిద్ధాంతకారుడు క్రిస్టియన్ మెట్జ్ 1970లలో, తెర అద్దంలాంటిదే గానీ మన సొంత శరీరం ఒక్కటే అందులో కనబడదు అన్నాడు. ప్రియదర్శినిలోనూ ఎవరికీ తమ ముఖం కనబడదు.

ఆడవాళ్లకు ఏ చోటు మిగిలింది?

లారా మల్వీ అనే ఇంగ్లండు రచయిత్రి 1975లో ఒక చిన్న వ్యాసం రాసింది. సినిమాలో చూసేవాడు మగవాడు, చూడబడేది ఆడది, కెమెరా మగవాడి కళ్లనే అద్దెకు తీసుకుంటుంది అని. మన పాటల్లో కెమెరా నడుము దగ్గర ఆగినప్పుడు ఆ చూపు ఎవరిదో చెప్పడానికి వ్యాసం అక్కర్లేదు. అడగాల్సింది ఇది: హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని స్నేహితురాళ్లతో హాలుకొచ్చిన అమ్మాయి ఆ నిమిషంలో ఎక్కడ కూర్చుంటుంది? హీరోతో కలిసి చూడాలి, లేదా చూడబడేదానితో కలిసి ముడుచుకోవాలి. మూడో కుర్చీ సినిమా వేయలేదు. ఆమె తానే ఒకటి లాక్కుని, బట్టల్నో స్టెప్పుల్నో చూసుకుంటుంది.

చెవికి చేసే పని

బొమ్మ అంటే కళ్లకే అనుకుంటాం. హోసూరు తెలుగువాళ్ల విషయంలో బొమ్మ గట్టిగా పనిచేసింది చెవి మీద. ఈ సీమ తెలుగు చిత్తూరు, కుప్పం తెలుగుకు దగ్గర. తెలుగు సినిమాలో నాయకుడు చాలాకాలం కృష్ణా, గుంటూరు వైపు మాటే మాట్లాడాడు. 1990ల చివర ఫ్యాక్షన్ సినిమాలొచ్చాక సీమ యాస తెరకెక్కింది, కానీ ఎక్కువగా జయప్రకాశ్ రెడ్డి లాంటి విలన్ల నోట. ఆయన అద్భుతంగా మాట్లాడాడు, అది వేరే. పిల్లవాడి లెక్కలో మాత్రం మా అవ్వలా మాట్లాడేవాడు కత్తి పట్టినవాడో, నవ్వించేవాడో. ప్రేమించేవాడు, న్యాయం చెప్పేవాడు ఇంకోలా మాట్లాడతాడు. ఎవరూ బోధించకుండానే పిల్లలు సిగ్గు నేర్చుకున్నారు.

దీనికి బడి తోడైంది. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికొక తరగతి చొప్పున పాకి 2016లో పదో తరగతి పరీక్షకు చేరింది. తెలుగు చదువు తగ్గిన ఇంట్లో, ఇంటి మాట తర్వాత వినబడే తెలుగు సినిమాదే. అట్లాంటప్పుడు సినిమా ఏ యాసను ఎవరి నోట పెట్టిందన్నది చిన్న సంగతి కాదు. 2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చింది. చిత్తూరు యాస మొదటి నుంచి చివరిదాకా నాయకుడి నోట, అదీ అల్లు అర్జున్ నోట. హోసూరు వైపు కుర్రవాళ్లకు ఎంత సంబరమో ఊహించుకోవచ్చు. కానీ ఆ యాస ఒంటరిగా రాలేదు. ఎర్రచందనం దొంగరవాణాతో వచ్చింది, డబ్బిచ్చి ఆడపిల్ల చేత నవ్వించుకునే హీరోతో వచ్చింది. ఒక చోట గౌరవం ఇచ్చిన బొమ్మే ఇంకో చోట వేరేవాళ్ల చోటు లాక్కుంటుంది. రెండూ ఒకే షాటులో జరగొచ్చు కూడా.

ఎలా మొదలుపెట్టాలి?

డిగ్రీ కావాలంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, చెన్నైలో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హైదరాబాదులో ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది. మొదటి మెట్టుకి అవేవీ అక్కర్లేదు, ఫోను చాలు. మీకు బాగా ఇష్టమైన సన్నివేశం ఒకటి ఎంచుకోండి. ఇష్టం లేనిదాన్ని విమర్శించడం సులువు, అందులో నేర్చుకునేదేమీ లేదు. ముందు ధ్వని ఆపి చూడండి. చాలా సన్నివేశాలు అక్కడే సగానికి పడిపోతాయి, ఈలలు సంగీతానికే వేశామని తెలుస్తుంది. తర్వాత కళ్లు మూసుకుని వినండి. మూడోసారి కత్తిరింపు పడినచోటల్లా ఒక గీత గీయండి. నాలుగోసారి ప్రతి షాటుకీ ఒకే ప్రశ్న రాసుకోండి, ఎవరు చూస్తున్నారు అని. కెమెరా తనంతట తాను చూస్తున్న షాట్లు కూడా ఉంటాయి, వాటి దగ్గర ఆగండి. పుస్తకాలు ఆ తర్వాత తెరిస్తే అందులోని పెద్ద మాటలు మీకు తెలిసిన సంగతులకు పేర్లుగా కనబడతాయి.

రెండు భాషలు వచ్చినవాళ్లకి ఇంకా మంచి అభ్యాసం ఉంది. ‘రాముడు భీముడు’, ‘ఎంగ వీట్టు పిళ్లై’ రెండూ తెచ్చుకోండి. పిరికివాడి చోటులోకి కవల వచ్చి బావకు ఎదురు తిరిగే ఘట్టం దగ్గర రెండింటినీ పక్కపక్కన ఆడించండి. ఎదురు తిరిగే క్షణానికి ముందు షాటులో ఎవరి ముఖం ఉంది, తర్వాతి షాటులో ఎవరిది, చూస్తున్న ఇంటివాళ్లను ఎన్నిసార్లు చూపారు, కెమెరా నడుము ఎత్తులో ఉందా, నేల దగ్గర ఉందా. రెండు కాగితాల మీద రాసి, తెలుగు మాత్రమే వచ్చిన ఒకరికీ తమిళం మాత్రమే వచ్చిన ఒకరికీ విడివిడిగా చూపించి, ఎక్కడ నవ్వారో ఎక్కడ ఊపిరి బిగబట్టారో మూడో కాగితం మీద రాసుకోండి.